జాజలి జడలలోని పక్షులు

క్రొత్తబట్ట కట్టుకొనుటకు ముందు దాని అంచున ఇంత పసుపు పెట్టుట మన ఇండ్లలో ఏనాటినుండియో వచ్చుచున్న ఆచారము. దీనికి శాస్త్రప్రమాణ మేమని అడిగిన చెప్పగలవారు నా ఎరుకలో లేరు. అమ్మ పెట్టినది కనుక మేము పెట్టుచున్నాము, అంతే. అయినను ఆ పసుపుచుక్కను ఊరక చూచుచు కూర్చున్నపుడు దానిలో ఒక ఒప్పుకోలు ఉన్నట్లు నాకు తోచును. ఈ వస్త్రము నాయొద్దకు చేరుటకు ముందు ఏ చేలలో పుట్టినదో, ఏ నీట తడిసినదో, ఎవరి వ్రేళ్లనడుమ నలిగినదో నేనెరుగను. ఎరుగని ఆ ఋణమునంతయు తలదాల్చి దీనిని ధరించుచున్నాను అని చెప్పుకొనుటకు మాటలు చాలక మన పెద్దలు పసుపు పెట్టిరేమో.

గడచిన శ్రావణమాసమున మా అబ్బాయి నగరమునుండి నాకొక చొక్కా తెచ్చెను. మా ఇల్లు పెద్ద అంబర్‌పేట్‌లో, విజయవాడ రహదారిని అవుటర్ రింగ్ రోడ్డు దాటు కూడలికి కొంచెము ఎడముగా, లారీల రొద రాత్రింబవళ్లు వినవచ్చు చోట ఉన్నది. చొక్కా మెడకు జనపనార పోగుతో కట్టిన ఒక మోటుకాగితపు చీటీ వ్రేలాడుచుండెను. దానిపై ఒక లేతాకు బొమ్మ, దాని క్రింద ఆంగ్లమున నాలుగు పంక్తులు. వాడి పారవేసిన నీళ్ల సీసాలను కరిగించి తీసిన దారముతో ఈ చొక్కా నేయబడినదనియు, ఇందువలన ఇన్ని లీటర్ల నీరు ఆదా అయినదనియు, దీనిని కొన్నవారు భూమాతకు మేలు చేసినవారైరనియు ఆ పంక్తుల సారాంశము. ఇది అబద్ధమై ఉండునని నేను చెప్పలేను. మన వరంగల్లు దాపున, 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో, అట్టి సీసాలనే పీచుగా మార్చు కర్మాగారము 2022లో ఆరంభమైనది. కాని పసుపుగిన్నె చేతబట్టుకొని వచ్చిన మా ఇంటావిడ ఆ చీటీ సంగతి విని గుమ్మమువద్దనే ఆగి, "సీసలకు గూడ పసుపు వెడ్తరా?" అని అడిగినది. నెలపొడుపునాడు కట్టుబట్టనుండి ఒక పోగు తీసి చంద్రునికి సమర్పించు మరియొక ఆచారము కూడ మనకు కలదు గదా. సీసాదారమును ఆ చంద్రుడు స్వీకరించునో లేదో అని నాకును ఒక క్షణము సందేహము కలిగినది. ఏమైననేమి, పసుపు పెట్టించుకొనియే తొడిగితిని.

మూడవ ఉతుకునకే రెండవ గుండీ కాజా పీచులు పీచులుగ విడిపోయెను. మా వీథి చివర జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి బ్రతుకు ఒక ఇల్లాలు ఉన్నది. చొక్కా ఆమెయొద్దకు కొనిపోతిని. ఆమె దానిని వెలుతురుకు పట్టి, బొటనవ్రేలితో కాజాను ఒకమారు తడిమి నవ్వినది. మిషను చెడిపోయినదేమో అని నేను అంటిని.

"మిషన్ తప్పు గాదు సార్, టార్గెట్ తప్పు," అన్నది. "ఎనిమిదేండ్లు గార్మెంట్స్‌ల చేసిన, నాకెర్క లేదా? గంటకిన్ని పీసులని బోర్డు మీద రాస్తరు. కాజా మిషన్ కాడ కూసున్న పిల్లకు దారం తెగితే మళ్ల ఎక్కిచ్చుకునే టైం సుత ఉండది. పీసు ఎట్ల పోతే అట్ల పోనిస్తది. చెకింగ్‌ల వాపస్ వస్తే తిట్లు పడ్తది, రాకుంటె ఇగో, మీ దగ్గరికొస్తది."

మాటలలో మాటగ ఆమె మరియొక సంగతి చెప్పినది. నీళ్లు త్రాగినచో బాత్రూమునకు పోవలసి వచ్చుననియు, పోయినచో లైనులో పీసులు ఆగి సూపర్‌వైజరు కేకలు వేయుననియు, అందుచేత ఎండాకాలమున సైతము తాము నీళ్లే తక్కువ త్రాగెడివారమనియు. ఆమె కిది గతించిన సంగతి. నిష్ఠురము లేకయే చెప్పినది. నాకు మాత్రము చీటీమీది లీటర్ల లెక్క గుర్తునకు వచ్చి, నీటిని ఆదా చేసినవారు ఎవరో అప్పుడు తెలిసినట్లయినది. ఆమె పనిచేసిన కర్మాగారము వేరు, నా చొక్కా కుట్టిన కర్మాగారము వేరు. ఆ సంస్థల పేర్లతో ఇచట నాకు పనిలేదు. నేను విచారింపదలచినది ఒక ప్రశ్నను మాత్రమే: భూమి విషయమున నిజముగ ఒక సత్కార్యము చేసి, దానిని పతాకగ ఎత్తి, ఆ పతాక నీడలో ఒక మనిషిని దప్పికతో కూర్చుండబెట్టువాని స్థితి ధర్మదృష్టిలో ఎట్టిది?

దీనికి ఆంగ్లమున గ్రీన్‌వాషింగ్ అని పేరు. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అను అమెరికా పర్యావరణవాది, హోటళ్ల గదులలో తువ్వాళ్లను మరల వాడుకొని ప్రకృతిని కాపాడుడని పెట్టు చీటీలను చూచి ఈ మాట కల్పించెను. అచట ముందుగ మిగులునది చాకలిఖర్చు అని ఆయన ఎత్తిపొడుపు. తెలుగున పచ్చపూత యనవచ్చును. కాని మాట క్రొత్తదే గాని వ్యాధి క్రొత్తది కాదు. మనుస్మృతి నాల్గవ అధ్యాయమున 'ధర్మధ్వజి' అను పదము కలదు: ధర్మమును జెండాగ ఎగురవేయుచు లోపల లోభముతో లోకమును వంచించువాడని దానికి అర్థము, వానిది పిల్లివ్రతమని కూడ అచటనే చెప్పబడినది. శ్రామికవర్ణముల విషయమున మనువు ఎట్టి వ్రాతలు వ్రాసెనో ఎరిగినవారు ఈ మాట ఆయన నోట విని నవ్వవచ్చును. ఆ నవ్వు న్యాయమే. అయినను మాట మంచి మాట, దానిని మనము పుచ్చుకొని వాడుకొందము.

ఆ పిల్లి కథ మహాభారతమున ఉద్యోగపర్వములో కలదు. గంగ యొడ్డున చేతులు పైకెత్తి తపస్సు చేయు పిల్లిని నమ్మి ఎలుకలు దాని శరణు జొచ్చును. తపస్సువలన డస్సితిని, నన్ను మీరే ప్రతిదినము నదికి కొనిపోవలెనని అది వానిని కోరును. పిల్లి నానాటికి బలియుచుండును, ఎలుకల లెక్క నానాటికి తగ్గుచుండును. కథ అందరును ఎరిగినదే. అందరును గమనింపనిది ఏమనగా, దీనిని చెప్పించినవాడు దుర్యోధనుడు. యుద్ధము రేపనగా ఉలూకుని దూతగ పంపి, ధర్మరాజు ఆ పిల్లివంటివాడని నిందింపజేసెను! కనుక దంభమును ఎత్తిచూపు ప్రతివాడును దంభరహితుడని తలంపరాదు. "ఈ పచ్చదనమంతయు బూటకము" అని పెదవి విరుచుచు, ఆ మాటమీదనే తన రంగుల మురికిని ఏటిలో వదలు యజమానులు కలరు. అదే మాట అనుచు, చవుకగ దొరికిన చొక్కాలు నాలుగేసి కొనుచుండు నావంటివారును కలరు.

చీటీ అబద్ధమైనచో చిక్కు చాలమట్టుకు తీరినట్లే. అది వంచన, వంచనకు దండము కలదు. 2020లో గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ అను ప్రమాణసంస్థయే, దొంగపత్రముల మూలమున 20,000 టన్నుల భారతదేశపు ప్రత్తి సేంద్రియమను పేర చెలామణి చేయబడినదని ప్రకటించెను. నార్వే వినియోగదారుల అధికారసంస్థ 2022లో వస్త్రములమీది ఒకానొక పర్యావరణసూచికను ప్రచారమునకు వాడుట జనులను పెడత్రోవ పట్టించునని తీర్పు చెప్పెను. మనదేశమున సైతము 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ ఇట్టి ప్రగల్భములను అదుపుచేయు మార్గదర్శకములను వెలువరించెను. ఇవి యన్నియు మెచ్చదగినవి. కాని ఇవి యన్నియు అడుగు ప్రశ్న ఒక్కటే: చెప్పినది నిజమా? నిజమైనచో న్యాయాధికారి పని అయిపోవును. ధర్మజిజ్ఞాసువు పని అచట మొదలగును. ఏలయన అబద్ధమువలె కాక, నిజమైన పుణ్యమొక్కటి చక్కని తెరయై నిలువగలదు. అబద్ధపు తెరను ఎవరో ఒకరు చించెదరు. నిజమైన తెరను చించుటకు ఎవనికిని చేయి రాదు.

ఈ సూక్ష్మమును భారతమున శాంతిపర్వములోని జాజలి కథ కంటె చక్కగ చెప్పినది నాకు కానరాలేదు. జాజలి అను బ్రాహ్మణుడు ఘోరారణ్యమున కొయ్యవలె నిశ్చలుడై తపస్సు చేయుచుండ, ఒక పక్షిదంపతులు ఆతని జడలలో గూడు కట్టినవి. పక్షులకు బాధ కలుగునని ఆతడు కదలడాయెను. గ్రుడ్లు పెట్టినవి, కదలలేదు, పిల్లలైనవి, కదలలేదు, రెక్కలువచ్చి పగలెల్ల తిరిగి మాపటికి వచ్చెడివి, అప్పుడును కదలలేదు, తుదకు నెలదినములు తిరిగి రాకున్నపుడు గాని ఆతడు తావు విడువలేదు. ఇందు కపటము లేశమును లేదు. పక్షులు నిజము, గూడు నిజము, ఆ కరుణయు నిజమే. కాని ఆ వెంటనే జాజలి జబ్బలు చరచుకొని, నాకు ధర్మము సిద్ధించినదని ఆకాశమును చూచి కేకవేసెను. అంతట ఒక అదృశ్యవాణి, కాశీనగరమున తులాధారుడను వర్తకుడు కలడు, నీవు వానికి సరిపోవని పలికినది.

ఆ కేకకు ముందరి జాజలికి, తరువాతి జాజలికి భేదమేమి? చేసిన పనిలో ఇసుమంతయు మార్పులేదు. కేకకు ముందు ఆతని చూపు పక్షులమీద ఉండెను. కేక వేసినంతనే అది తనమీదికి మరలినది. సంస్థలు ఏటేట అచ్చువేయు నున్నని కాగితపు నివేదికలు, వానిలోని ఆకుపచ్చ చిత్రపటములు నాకు జాజలి కేకగ వినబడును. చెట్లు నాటినది నిజము కావచ్చును. పైకప్పుపై సూర్యఫలకములు పరచినది నిజము కావచ్చును. చేతులు చరచిన చప్పుడులో ఇతరశబ్దములు వినబడకపోవుటయే అందలి దోషము.

తులాధారుడు చేయునది వర్తకము. సుగంధద్రవ్యములు, లక్క, కొయ్య, రసములు అమ్మును; మద్యము మాత్రము అమ్మడు. ఒకరియొద్ద కొని మరియొకరికి అమ్మును. అనగా నేటి మన వస్త్రసంస్థల పనియే ఆతని పని. తాను దేనిని పండింపడు, తాను దేనిని కుట్టడు, నడుమ త్రాసు పట్టుకొని కూర్చుండును. ఆ త్రాసు సర్వభూతములయెడ సమముగ నిలుచుటయే తన వ్రతమని ఆతడు జాజలితో చెప్పెను. తరువాతి ఆతని ప్రసంగమున ఒక విశేషము కలదు. నాగటికొన భూమిని, భూమిలోని జీవములను చీల్చుటను తలచి ఆతడు వగచును. ముక్కు కుట్టించుకొని మోయరాని బరువులు మోయు ఎడ్లను తలచి వగచును. ఆ ఊపిరిలోనే, మనుష్యులచేత కొట్టి కట్టి రేయింబవలు చాకిరి చేయించుకొను మనుష్యులను తలచి వగచును. భూమికొక అధ్యాయము, శ్రామికునికొక అధ్యాయము అని ఆతడు విడదీయలేదు. విడదీయుట మనము నేర్చిన విద్య: పర్యావరణమున కొక శాఖ, దానికొక ధ్రువపత్రము, కార్మికసంక్షేమమున కొక శాఖ, దానికి వేరొక ధ్రువపత్రము. ఒక పళ్లెమే ఉన్న త్రాసులు రెండు కొని, ప్రతిదానియందును తూకము సరిపోయినదని వ్రాసికొనుచున్నాము.

ధ్రువపత్రమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అను దుస్తుల కర్మాగారమునకు కార్మికస్థితిగతులు బాగున్నవని 2012 ఆగస్టులో ఎస్‌ఏ 8000 ధ్రువపత్రము లభించినది. సెప్టెంబరు 11న అగ్నిప్రమాదము జరిగి 250 మందికి పైగ లోపల చిక్కి మరణించిరి. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 24న ఢాకా సమీపమున దుస్తుల కర్మాగారములున్న రాణా ప్లాజా అను భవనము కూలినపుడు 1,134 మంది పోయిరి. ముందురోజుననే గోడలు బీటలువారినవని క్రిందియంతస్తులలోని బ్యాంకు, దుకాణములు మూతపడినవి, కుట్టుపనివారు మాత్రము తెల్లవారి పనిలోనికి పిలువబడిరి. మా వీథి చివరి ఇల్లాలిని పరీక్షకులమాట అడిగినపుడు ఆమె చెప్పినది ఇదే పద్ధతికి చిన్నరూపము: "ఆడిట్ అంటే వారం ముందుగాలనె తెలుస్తది సార్. ఆ దినం తలుపులన్ని బార్ల తెరుస్తరు, కొత్త మాస్కులిస్తరు, ఏమడిగితె ఏం చెప్పాల్నో నేర్పుతరు. తెల్లారి మాస్కులు మళ్ల గుంజుకుంటరు."

దూరదేశముల మాట ఏల? అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున, బ్రాండిక్స్ సంస్థవారి వస్త్రనగరి సుమారు వేయి ఎకరములలో ఉన్నది. చుట్టుపట్ల పల్లెల ఆడపడుచులు వేలకొలది అచట కుట్టుపని చేయుదురు. 2022 జూన్ 3న ఆ ఆవరణలోని సీడ్స్ అను కర్మాగారమున పనిలోనున్న స్త్రీలు విషవాయువు పీల్చి కండ్లు మండి, వాంతులై, ఎక్కడివారక్కడ సొమ్మసిల్లిరి. వందకు పైగ ఆసుపత్రుల పాలైరి. రెండుమాసములు నిండునంతలో, ఆగస్టు 2న, అదే కర్మాగారమున మరల వందకు పైగ స్త్రీలు అట్లే పడిపోయిరి. ప్రభుత్వము దానిని మూయించి విచారణకు ఆదేశించెను. ఇదే బ్రాండిక్స్ సంస్థకు శ్రీలంకలోనున్న ఒక కర్మాగారమునకు 2008లో, పర్యావరణానుకూల భవనములను కొలుచు లీడ్ పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణి లభించినది. ఒకటి మరియొకదానిని అబద్ధము చేయుచున్నదని నే ననుట లేదు. ఆ దేశము వేరు, ఆ భవనము వేరు, దోషమెవరిదో తేల్చుట నా పని కాదు. నన్ను కలతపెట్టునది ఇది: భవనము ఎంత విద్యుత్తును, ఎంత నీటిని వినియోగించుచున్నదో కొలుచుటకు లోకమంతట చెల్లు త్రాసు సిద్ధముగ నున్నది, ఆ భవనములో కూర్చున్న స్త్రీ జూన్ నెలలో పీల్చిన గాలి ఆగస్టునకైన బాగుపడినదా అని కొలుచుటకు మాత్రము, ఆమె మరల ఒకమారు నేలకొరగుట తప్ప వేరు సాధనము లేకపోయినది.

ఇంతవరకు చదివినవారు, "ఈ మరలనెల్ల మాని చేనేతకు మరలుటయే మార్గము" అని నేను చెప్పబోవుచున్నానని తలంపవచ్చును. మా ఊరినుండి రహదారి పట్టుకొని కొంతదూరము పోయి మరలినచో పోచంపల్లి. ఆ దారిలోని దుకాణములలో చేనేత పర్యావరణహితమను మాట తరచు వినవచ్చును. అది నిజము, మగ్గమునకు విద్యుత్తు అక్కరలేదు, పొగగొట్టము లేదు. విష్ణువు నాభికమలపు తంతువులతో దేవతలకు తొలివస్త్రము నేసినవాడు భావనాఋషి అని పద్మశాలీలు చెప్పుకొందురు. తామరతూడు దారముకంటె పచ్చనిది ఏమున్నది? కాని ఈ తామరతంతువు చివరను సైతము ఒక భుజమున్నది.

ఇక్కత్ చీర నేయుటకు ముందు 'ఆసు' పోయవలెను. ఒకవైపు ఒక మేకు, ఎదురుగ అర్ధచంద్రాకారముగ నాటిన మేకుల వరుస. నడుమ దారమును ఇటునుండి అటు, అటునుండి ఇటు చేతితో పోయుచుండవలెను. ఒక చీరకు సుమారు 9000 మారులు చేయి ఆడవలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000 మారులు. ఇది మగవారి పనిగ లెక్కింపబడలేదు. ఇంటిలోని తల్లి, భార్య, కోడలు చేయుదురు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, బడి చదువు సగములో మానిన పద్మశాలి యువకుడు, తల్లి భుజము రాత్రులు పోటుపెట్టుట చూడలేక ఏండ్లతరబడి తంటాలు పడి, 1999లో ఆసుయంత్రమును సాధించి, దానికి తల్లి పేరే పెట్టెను: లక్ష్మి ఆసుయంత్రము. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ కథ సినిమాగ వచ్చినపుడు చూచి కన్నీరు పెట్టుకొన్న మనలో ఎందరము, అంతకుముందు తరతరములుగ కట్టిన ఇక్కత్ చీరల మడతలలో ఆ భుజమును చూచితిమి? కళ అని పొగడితిమి, సంప్రదాయమని మురిసితిమి, ఇటీవల పర్యావరణహితమని కూడ అనుచున్నాము. మూడును నిజములే, మూడును తెరలే.

ఇచట నిదానించి చూడవలసిన చమత్కారమొకటి కలదు. ఆసుయంత్రము విద్యుత్తుతో నడచును. కర్బనపు లెక్క మాత్రమే తెలిసిన గణకుని చేతికి ఈ చీరను ఇచ్చినచో, యంత్రము రాకపూర్వము ఇది మరికొంత స్వచ్ఛమైనది, వచ్చిన తరువాత రవ్వంత మలినమైనది అని వ్రాయును. ఆ గణకుడు అబద్ధమాడుట లేదు. ఆతని పద్దుపుస్తకములో భుజమునకు గడి లేదు, అంతే. భూమికి ఏది మేలో అదియే అందరికిని మేలనియు, పచ్చదనము పెరిగినకొలది ధర్మము తనంత తాను పెరుగుననియు నమ్ము ఆధునికుల విశ్వాసము ఈ ఒక్క చీర ముందర నిలువజాలదు. మల్లేశమునకు ఏ ప్రమాణసంస్థయు చెప్పలేదు. ఆయన ఆ పనిచేయు చేతికి సమీపమున పడుకొని, రాత్రి దాని మూలుగు వినుచుండెను. ధర్మము వస్తువునకు అంటించు గుణము కాదనియు, ఇద్దరి నడుమ ఉండు సామీప్యమనియు నాకు ఈ ఉదంతమువలన తోచినది. సామీప్యమునకు చీటీ కట్టుట ఎట్లు?

ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పక తప్పదు. "అన్నివిధముల దుర్మార్గముగ నుండుట కంటె ఒక విషయమున నైన మంచిగ నుండుట మేలు కాదా? ధర్మము కొంచెమైనను కాపాడునని గీతలో శ్రీకృష్ణుడే చెప్పలేదా?" అని బుద్ధిమంతుడైన ఒక మిత్రుడు నన్నడిగెను. మేలే. సీసాలు ఏటిలో తేలుటకంటె నా ఒంటిమీద ఉండుట మేలు. రంగునీరు శుద్ధిచేయు కర్మాగారము శుద్ధిచేయనిదాని కంటె నిస్సందేహముగ మేలు. కాని ఆ స్వల్పధర్మపు ఖర్చును ఎవరు భరించిరని కూడ అడుగవలెను. కొనుగోలుదారు సంస్థ చొక్కావెల పెంచనని పట్టుబట్టినపుడు, నూలుధర మారదు, విద్యుత్తుధర మారదు, ఓడకిరాయి మారదు, ధ్రువపత్రపు రుసుము మారనే మారదు. సాగదీయుటకు వీలైనది బోర్డుమీది పీసుల సంఖ్య ఒక్కటే. అప్పుడు ఆ స్వల్పధర్మము దానము కాదు. ఇతరుని చేతినుండి తీసి ఇచ్చిన దానము. దానికి యశస్సు ఒకరికి, దప్పిక ఒకరికి.

జాజలి కథకు ముగింపు చెప్పుట మరచితిని. తులాధారుడు తన మాట చాలించి, నీ జడలలో పెరిగిన పక్షులు అదిగో ఆకాశమున తిరుగుచున్నవి, వానిని పిలువుము అనెను. జాజలి పిలువగ అవి వచ్చినవి. వచ్చి తమంతట తాము ధర్మమునుగూర్చి పలికినవి. మేలుపొందినట్లు చెప్పబడుచున్నవారిని పిలిచి మాటాడనిచ్చుట — కథ మొత్తములో నాకు మిక్కిలి విలువైనదిగ తోచిన ఘట్టమిది. నేర్పిన సమాధానములు చెప్పుటకు కాదు, వారం ముందు తెలిపి కాదు.

పిలువకయే పక్షులు వచ్చిన దిన మొకటి ఇటీవలి చరిత్రలో కలదు. భవిష్యనిధిలో యజమాని జమచేసిన భాగమును 58 ఏండ్లు నిండువరకు తీసికొనరాదని 2016 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నియమము చేసెను. ఏప్రిల్ 18, 19 తేదీలలో బెంగళూరు దుస్తుల కర్మాగారములనుండి స్త్రీలు వేలకు వేలుగ రహదారులపైకి వచ్చి నగరమును స్తంభింపజేసిరి. వారిని నడిపిన పేరుగల నాయకుడు లేడు. కన్నడ మాటలాడు ఆ సమూహములో హిందూపురము, మడకశిర వైపు పల్లెలనుండి పోయిన మన తెలుగు ఆడపడుచులును ఉండిరి. రెండవనాడే నియమమును ఉపసంహరించుచున్నట్లు ప్రకటించిన కేంద్ర కార్మికమంత్రి మన హైదరాబాదు వాడైన బండారు దత్తాత్రేయ. 58 ఏండ్ల వరకు కుట్టుమిషను ముందు ఎవరు కూర్చుండగలరని ఆ స్త్రీలు అడిగినట్లు నేను భావించుచున్నాను. నడుము, కన్ను, మెడ అంతకాలము నిలువవని వారికి తెలియును, నియమము వ్రాసినవారికి తెలియలేదు.

చొక్కా తెచ్చుకొనుటకు పోయిన దినమున ఆ ఇల్లాలు కాజాను చేతితోనే చుట్టు ముద్దకుట్టు వేసి బాగుచేసి ఉంచినది. జనపనార పోగుతో ఉన్న చీటీని నేను తీసి పారవేయబోగ ఆపి, "గది ఇటియ్యిండ్రి సార్, ఆకుబొమ్మ మంచిగుంది. మా పోరనికి బడిల చార్టుకు పనికొస్తది," అని పుచ్చుకొన్నది. ఎంత ఇయ్యవలెనని అడిగితిని.

"ఇరువై."

నేను యాబదిరూపాయల నోటు ఆమె చేతబెట్టి, చిల్లర అక్కరలేదని చెప్పి, లోలోపల కొంత సంతోషపడుచు గుమ్మము దిగుచుంటిని. ఆమె మిషను సొరుగు లాగి వెదకి, రెండు పదిరూపాయల నోట్లు, ఒక ఐదు బిళ్ల, మూడు ఒకరూపాయి బిళ్లలు, ఒక రెండు బిళ్ల నా అరచేతిలో ఒక్కొక్కటిగ లెక్కపెట్టి పెట్టినది.